కడప నుంచి సముద్రతీరానికి: దంపతుల వారాంతపు గుడార విడిది, గాలపు వేట – తరచుగా అడిగే ప్రశ్నలు

కడప జిల్లాలో పుట్టి పెరిగినవారికి నీళ్లంటే చెరువు, కుంట, వంక, మరీ పెద్దదంటే మైలవరం, బ్రహ్మంసాగర్ వంటి జలాశయం. శనివారం తెల్లవారుజామున బయలుదేరి, సముద్రం పక్కన ఒక రాత్రి గుడారంలో గడిపి, గాలం వేసి, ఆదివారం చీకటి పడేసరికి ఇల్లు చేరాలనుకునే దంపతులు అడిగే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము. మా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. ఈ ప్రయాణం కష్టమైనది కాదు, పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. అయితే చెరువుగట్టున నేర్చుకున్న అలవాట్లలో సగం సముద్రం దగ్గర పనికిరావు, కొన్నయితే ప్రాణం మీదికే తెస్తాయి. కాబట్టి ఏ అలవాటు ఉంచుకోవాలో, ఏది ఇంట్లో వదిలి వెళ్లాలో చెప్పడానికే ఎక్కువ చోటు కేటాయించాము.

కడప నుంచి ఏ తీరానికి వెళ్లడం మేలు?

నెల్లూరు తీరానికి. సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు సుమారు 150 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇందుకూరుపేట మండలంలోని మైపాడు మరో పాతిక కిలోమీటర్లకు మించదు. ప్రొద్దుటూరు వైపువారు మైదుకూరు మీదుగా బద్వేలు చేరి అదే దారి పట్టవచ్చు. 67వ జాతీయ రహదారి ఇటు నుంచే వెళ్లి కృష్ణపట్నం ఓడరేవు దగ్గర ముగుస్తుంది. బద్వేలు దాటిన తర్వాత వెలిగొండలను దాటే భాగంలో మలుపులు, లారీలు ఉంటాయి కనుక ఆ దూరాన్ని వెలుతురు ఉండగానే దాటేలా చూసుకోండి.

ఈ దారిని మేము ఇష్టపడటానికి మరో కారణం పెన్నానది. గండికోట దగ్గర కొండను కోసి లోయగా మలచిన ఆ నదే సిద్ధవటం కోట పక్కగా పారి, సోమశిల జలాశయంలో నిలిచి, నెల్లూరును దాటి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మన జిల్లా మధ్యగా పారే నది ఎక్కడ ముగుస్తుందో ఇద్దరూ కలిసి చూసి రావడానికి అంత దూరం వెళ్లినా వృథా కాదు.

అనంతపురం వారికి ఇదే రహదారి గుత్తి, తాడిపత్రి మీదుగా దొరుకుతుంది కాని, దూరం ఎక్కువ కనుక వారాంతానికి మరో రోజు సెలవు కలుపుకోవాలి. కర్నూలు వారికి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం మీదుగా ఒంగోలు చేరి, కొత్తపట్నం తీరానికి వెళ్లడం అనుకూలం.

ఏ నెలలో వెళ్లాలి?

జనవరి, ఫిబ్రవరి, మార్చి తొలి సగం. ఈ విషయంలో మేము ఎవరికీ మినహాయింపు చెప్పము.

నెల్లూరు తీరానికి ప్రధానమైన వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల కురుస్తుంది, బంగాళాఖాతంలో తుపానులు బలపడేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు గ్రామాలు కొట్టుకుపోయిన 2021 నవంబరు వరద కూడా ఆ కాలపు వర్షాలదే. ఏప్రిల్, మే నెలల్లో ఎండతోపాటు తుపాను భయమూ ఉంటుంది.

మంచి నెలలోనైనా బయలుదేరే ముందు రోజు రెండు సూచనలు తప్పక చూడండి: భారత వాతావరణ శాఖ ఇచ్చే వాతావరణ సూచన, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఎక్కడో దూరసముద్రంలో పుట్టిన పెద్ద అలలు తీరాన్ని తాకవచ్చు. అలాంటి రోజును మబ్బును చూసి పసిగట్టలేము, హెచ్చరికను చూసే తెలుసుకోవాలి. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్రస్నానం కోసం జనం పెద్ద సంఖ్యలో వస్తారు కనుక ఏకాంతం కోరేవారు ఆ రోజులను తప్పించాలి.

తీరంలో ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. ఖాళీగా కనిపించే ఇసుకంతా ఎవరిదీ కాదని ఊరి బయటివారు అనుకుంటారు గాని, ఆ ఇసుక మీదే మత్స్యకారులు పడవలు నిలుపుతారు, వలలు ఆరబెడతారు, చేపలు ఎండబెడతారు. అలివివల (సముద్రంలో పరిచి ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగే చోట గుడారం వేస్తే తెల్లవారుజామున రెండు వైపుల నుంచి తాళ్లు లాగే మనుషులకు మీరు అడ్డం అవుతారు. శ్రీహరికోట పరిసరాలు అంతరిక్ష కేంద్రం పరిధిలోని నిషిద్ధ ప్రాంతం. కృష్ణపట్నం ఓడరేవు చుట్టుపక్కల కూడా బయటివారు దిగి వేటాడటానికి వీలు లేదు.

మొదటిసారి వెళ్లేవారికి మా సలహా ఏమిటంటే, మైపాడులోని పర్యాటక శాఖ విడిది వంటి చోటుకు ముందుగా ఫోను చేసి, ఆవరణలోగాని దగ్గరలోగాని గుడారం వేసుకోవడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. మరుగుదొడ్డి, మంచినీరు, రాత్రి కాపలా మనిషి అందుబాటులో ఉండటం ఇద్దరే ఉన్నప్పుడు చిన్న విషయం కాదు. ఊరికి దగ్గరగా ఉన్న తీరంలో వేసుకోదలిస్తే, పొద్దు వాలకముందే పాలెం (మత్స్యకారుల ఊరు) పెద్దలను కలిసి, ఎవరు మీరు, ఎన్నాళ్లు ఉంటారు, ఏం చేస్తారు అన్నది చెప్పి, వారు చూపించిన చోటే వేసుకోండి. ఆ ఊరివారు గుడి చెల్లింపుల సమయాన్నో, మరణం సంభవించిన రోజునో వేట మానుకుంటే మీరూ మానుకోవాలి. ఇద్దరి గుర్తింపు కార్డులూ దగ్గర ఉంచుకోండి. మద్యం వద్దు; నీటి పక్కన అది ప్రమాదకరం, పరాయి ఊరి ఆడవాళ్లు తిరిగే తీరంలో మర్యాదా కాదు.

గుడారం ఇసుకలో నిలబడుతుందా?

చెరువుగట్టు మట్టిలో దిగే సన్న మేకులు ఇసుకలో నిలవవు. గాలి ఒక్కసారి విసిరితే ఊడిపోతాయి. ఖాళీ గోనెసంచులో, బియ్యపు సంచులో నాలుగైదు వెంట తీసుకెళ్లి, వాటిని ఇసుకతో నింపి, తాడు కట్టి, మోచేతిలోతు గుంతలో పాతిపెట్టి ఇసుకతో కప్పితే గుడారం కదలదు. తిరిగి వచ్చేటప్పుడు ఇసుకను కుమ్మరించి సంచులను మడిచి తెచ్చుకోవచ్చు.

చోటు ఎంచుకునేటప్పుడు ఇసుక మీద ఆకులు, గవ్వలు, చెత్త ఒక గీతలాగా పేరుకున్న చోటు చూడండి. పోటు నీరు అంతవరకు వచ్చి వెళ్లిందని దాని అర్థం. అటువంటి గీతలు రెండు మూడు కనిపిస్తే అన్నింటికన్నా పైనున్నదాన్నే లెక్కలోకి తీసుకుని, దానికి ఇంకా బాగా పైన, ఊదారంగు పూల ఇసుకతీగలు పాకిన ఎత్తు దాకా వెళ్లండి. ఆ తీగలు ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి కనుక వాటిని పీకకూడదు, తొక్కకుండా పక్కన వేసుకోవాలి. సరుగుడు తోపు నీడ బాగుంటుంది కాని, తోపు ఎవరిదో కనుక్కుని అడిగి వెళ్లాలి. రాలిన సరుగుడు ఆకు పొడిగా ఉండి నిప్పురవ్వకే అంటుకుంటుంది కనుక అక్కడ పొయ్యి వెలిగించనే వద్దు.

గుడారం కొత్తదైతే ముందొక రాత్రి గండికోటలో వేసి చూసుకోండి. అక్కడ ఇప్పటికే గుడారాలు అద్దెకిచ్చేవారు, వేసుకునేవారు చాలామంది ఉన్నారు. ఏ కర్ర ఎక్కడ దిగుతుందో ఇద్దరికీ చేతికి వచ్చి ఉంటే తీరంలో చీకటి పడ్డాక తడుముకునే పని ఉండదు.

చెరువులో వాడే గాలం సముద్రానికి పనికివస్తుందా?

వెదురు కర్రకు దారం కట్టి బెండు చూస్తూ కూర్చునే గాలం తీరంలో అలల మధ్య పనిచేయదు. బెండును అల ఒడ్డుకు తోసేస్తుంది. తీరం నుంచి వేయడానికి పది పన్నెండు అడుగుల పొడవున్న కర్ర, పెద్ద రీలు, గట్టి నైలాన్ దారం, ఎరను నేలమీద నిలిపి ఉంచే బరువైన సీసపు గుండు కావాలి. అలల బలాన్ని బట్టి 60 నుంచి 100 గ్రాముల దాకా గుండు వాడతారు. సవడాయి వంటి పదునైన పళ్ల చేప దారాన్ని కొరికి తెంచుతుంది కనుక కొక్కెం దగ్గర జానెడు సన్న ఉక్కు తీగ ఉండటం మంచిది.

ఇద్దరికీ రెండు కర్రలు కొనవలసిన పనిలేదు. ఒకటి కొని, ఒకరు వేస్తే మరొకరు పక్కనుండి నేర్చుకోవడం వారాంతానికి సరిపోతుంది. వెనక ఎవరైనా ఉన్నారేమో తిరిగి చూడకుండా విసరడం మాత్రం ఎవరూ చేయకూడదు, ఎందుకంటే సీసపు గుండు, కొక్కెం కలిసి వెనకనున్న మనిషి కంటికో చెంపకో తగిలితే గాయం లోతుగా ఉంటుంది.

ఎరగా ఏమి వాడాలి?

చెరువులో వాడే వానపాములు, గోధుమపిండి ముద్దలు సముద్రంలో అంతగా పనికిరావు. ఉప్పునీటికి వానపాము త్వరగా చచ్చి మెత్తబడుతుంది, పిండి ముద్ద అలకు విడిపోతుంది. పచ్చిరొయ్య, కవళ్లు, కానాగంత వంటి సముద్రపు చేపల ముక్కలు మంచి ఎరలు. మైపాడు వెళ్లే దారిలోనో పాలెంలోనో ఉదయం వేట దిగే వేళకు కొంటే తాజాగా దొరుకుతాయి, పైగా అమ్మినవారితో నాలుగు మాటలు కలిపితే ఆ రోజు చేప ఏ వైపు తిరుగుతోందో కూడా చెబుతారు. రెండోదానికి వెల ఉండదు.

గాలం ఏ వేళ, ఎక్కడ వేయాలి?

చెరువుకూ సముద్రానికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాము.

సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పోటెక్కి, రెండుసార్లు పాటు తీస్తుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి పోటు వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నెల్లూరు తీరంలో ఈ హెచ్చుతగ్గులు పెద్దవి కావు, ఎక్కువలో ఎక్కువ ఒక మీటరుకు అటూఇటూ ఉంటాయి. అయినా నీరు పైకి వస్తున్న గంటల్లో చిన్న చేపలు, వాటి వెంట పెద్దవి ఒడ్డు దాకా మేతకు వస్తాయి. పోటు తెల్లవారుజామునో మునిమాపునో వచ్చే రోజు కుదిరితే అంతకన్నా మంచి వేళ లేదు.

దీనికి పెద్ద పుస్తకాలు అక్కరలేదు. గోడమీది పంచాంగపు క్యాలెండరే చాలు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ ఎత్తుకు, పాటు ఎక్కువ లోతుకు వెళ్తాయి. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువగా ఉంటుంది. మొదటిసారి వెళ్లే దంపతులకు సప్తమి, అష్టమి, నవమి తిథుల చుట్టూ వచ్చే శని, ఆదివారాలు మేమైతే ఎంచుతాము, ఎందుకంటే నీరు మరీ పైకి రాదు, లాగుడూ కొంత తక్కువగా ఉంటుంది.

ఇక చోటు. ఇసుక తీరంలో అలలు అన్నిచోట్లా ఒకేలా విరగవు. ఇసుకదిబ్బ మీద తెల్లటి నురుగుతో విరుగుతాయి. రెండు దిబ్బల మధ్య లోతుగా ఉన్న చోట విరగకుండా, ముదురు రంగులో, పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి. కొట్టుకువచ్చిన పురుగు, చిన్న రొయ్య ఆ లోతులోకి చేరడం వల్ల చేప అక్కడే తిరుగుతుంది, కాబట్టి గాలం అక్కడే వేయాలి. అయితే ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి బలంగా లాగుకుపోయేది కూడా ఆ లోతు గుండానే. చెరువులో అలికిడి లేని నీరు స్నానానికి మంచిదని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. సముద్రతీరంలో అల విరగని ఆ నున్నటి పట్టీ మనిషిని లోపలికి ఈడ్చుకుపోయే చోటు. గాలానికి అది ఎంత మంచి చోటో, కాలు పెట్టడానికి అంత చెడ్డ చోటు. మా మాటల్లో ఏదైనా ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కూడా చేపలు బాగా తిరుగుతాయి. పండుగప్ప ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేప కనుక మొగల్లో, ఉప్పుటేళ్లలో పడుతుంది. కాని పాటు తీసే వేళ మొగలో ప్రవాహం ఉధృతంగా ఉంటుంది, ఇసుక అంచు కాలి కింద విరిగిపోతుంది. స్థానికుడు ఒకరు తోడు లేకుండా మొగ దగ్గరికి వెళ్లవద్దు.

వేట నిషేధం మాకు వర్తిస్తుందా?

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, మరపడవలు, మోటారు పడవలు సముద్రంలో వేటకు వెళ్లడం నిషిద్ధం. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలిపెట్టడం దీని ఉద్దేశం. నిబంధన పడవలను ఉద్దేశించినదే అయినా, వేలాది కుటుంబాలు జీవనాధారాన్ని ఆపుకుని కూర్చున్న రోజుల్లో సరదా కోసం వెళ్లి వారి ఎదుట గాలం వేయడం మాకు సమ్మతం కాదు. ఎలాగూ మేము చెప్పిన నెలలు అవి కావు.

ఏయే చేపలు పడవచ్చు? ముట్టుకోకూడనివి ఉన్నాయా?

ఒడ్డు నుంచి వేసేవారికి జెల్లలు, మాగ, గొరక, అప్పుడప్పుడు సవడాయి పడతాయి. అదృష్టముంటే పండుగప్ప. వంజరం, చందువా ఒడ్డున గాలానికి పడతాయని ఆశించవద్దు, అవి పడవల వలలకు దొరికేవి.

జెల్లకు వీపు మీద, రెండు మొప్పల దగ్గర రంపపు పళ్ల వంటి ముళ్లుంటాయి. చెరువు జెల్ల ముల్లు గుచ్చుకున్న అనుభవం మనవాళ్లలో చాలామందికి ఉంది. సముద్రపు జెల్లది అంతకన్నా ఎక్కువ బాధిస్తుంది. దాన్ని చేత్తో పట్టకుండా, మందపాటి గుడ్డతో నొక్కిపట్టి పటకారుతో కొక్కెం తీయాలి. టేకుచేప తోకలో విషపు ముల్లు ఉంటుంది. లోతులేని నీటిలో ఇసుకలో దాక్కుని ఉంటుంది కనుక నీటిలో నడిచేటప్పుడు కాలెత్తి వేయకుండా ఇసుకను రాస్తూ నడిస్తే అది ముందే తప్పుకుంటుంది. ఏ చేప ముల్లు గుచ్చుకున్నా, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో, 45 డిగ్రీలు మించకుండా, గాయాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి చాలావరకు తగ్గుతుంది. తర్వాత వైద్యుడికి చూపించి ముల్లు ముక్క లోపల మిగలలేదని నిర్ధారించుకోవాలి.

నీళ్లలోంచి తీయగానే పొట్టను బంతిలా ఉబ్బించుకునే చేప పడితే దారం కోసి తిరిగి నీటిలో వదిలేయండి. దాని కాలేయంలో, గుడ్లలో, చర్మంలో ఉండే విషం వండినా పోదు, ప్రాణం తీస్తుంది. తెడ్డులా చదునైన తోకతో పాము ఏదైనా ఒడ్డున కదలకుండా పడి ఉన్నా చచ్చిందని అనుకోవద్దు. సముద్రపు పాములు విషపూరితమైనవి. జెల్లీఫిష్ తగిలి మండితే ఇసుకతో రుద్దకుండా, మంచినీళ్లు పోయకుండా, సముద్రపు నీటితోనే కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇద్దరిలో ఒకరికి ఈత రాదు. సముద్రస్నానం చేయవచ్చా?

మోకాలి లోతు వరకే, పగటిపూటే, ఒడ్డున మరొకరు నిలబడి చూస్తుండగానే. ఈత వచ్చినవారికి కూడా మేము దాదాపు ఇదే చెబుతాము, ఎందుకంటే బావిలో, చెరువులో నేర్చిన ఈత నిలకడ నీటిలో నేర్చినది. సముద్రం కాలి కింది ఇసుకను తీసేస్తుంది, తర్వాత లాగుతుంది.

లోపలికి లాగే నీటిలో చిక్కుకుంటే ఒడ్డు కనిపిస్తోంది కదా అని నేరుగా దానివైపు ఎదురీదకూడదు. అలసిపోయి మునిగేది అలాగే. వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపరచుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు తెల్లగా విరుగుతున్న చోటుకు చేరాక వాటితోపాటు ఒడ్డుకు రావాలి. భర్త కొట్టుకుపోతుంటే భార్య, భార్య కొట్టుకుపోతుంటే భర్త వెంటనే దూకేయడం సహజం. అయితే అలా ఒకరి కోసం మరొకరు పోయి ఇద్దరూ తిరిగిరాని సందర్భాలు తీరప్రాంతంలో ఉన్నాయి. గాలి నింపిన ట్యూబో, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బాకు కట్టిన పొడవాటి తాడో గుడారం దగ్గర సిద్ధంగా ఉంచుకుని, దాన్ని విసిరి, కేక వేసి మత్స్యకారులను పిలవాలి.

వంట ఎలా?

చిన్న గ్యాసు పొయ్యి, ఒక మందపాటి గిన్నె, ఒక పెనం చాలు. కట్టెల పొయ్యి కోరితే ఊరివారు అనుమతించిన చోట, గుడారానికి దూరంగా, గాలికి అడ్డుపెట్టి, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పాలి. ఇసుకతో కప్పితే నిప్పు లోపల గంటల తరబడి వేడిగా ఉండి పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిచే పిల్లల కాళ్లు కాలుస్తుంది.

మంచినీళ్లు ఒక్కొక్కరికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు లెక్కన, వంటకు వేరుగా తీసుకెళ్లండి. ఇంటి నుంచి చింతపండు పులుసు గుజ్జు, మనవైపు మిరపకారం, ధనియాల పొడి, చెనిక్కాయల పొడి, రాగిపిండి కట్టుకుంటే మిగతాది అక్కడ దొరుకుతుంది. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేస్తారు. ఆ రుచికి మన రాగిసంగటి జతచేస్తే, మా దృష్టిలో, ఈ ప్రయాణంలో రెండు సీమల మధ్య కుదిరే అత్యుత్తమమైన సంధి అదే. చేప పడని రోజున ఏం తినాలన్న బెంగ పడకుండా బొరుగులు, ఉగ్గానికి కావలసిన సరుకులు వెంట ఉంచుకోండి. గాలం వేసినవారందరికీ చేప పడాలని లేదు.

రాత్రిపూట తాబేళ్లు వస్తాయని విన్నాము. ఏం చేయాలి?

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి వచ్చి రాత్రివేళ ఇసుకలో గుంత తవ్వి ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎక్కువగా కనిపించే వైపు, అంటే సహజంగా సముద్రం వైపు, నడుస్తాయి. మీ గుడారం ముందు బల్బు వెలుగుతూ ఉంటే అవి దారి తప్పి మీవైపు వచ్చి, తెల్లారేసరికి కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. పెద్ద తాబేలు కూడా వెలుతురును, అలికిడిని చూసి గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు.

కాబట్టి భోజనం ముగిసిన తర్వాత సముద్రం వైపు కనిపించే దీపాలన్నీ ఆర్పండి. తాబేలు కనిపిస్తే దూరంగా, వెనకవైపు నిశ్శబ్దంగా కూర్చోండి. ఫ్లాష్ వేసి ఫొటో తీయవద్దు, గుడ్లు ముట్టవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లకు అత్యున్నత రక్షణ ఇస్తుంది, గుడ్లు తీయడం నేరం. గాలపు దారం తెగితే ముక్కను తీరంలో పడేయకుండా చుట్టి సంచిలో వేసుకోండి. నైలాన్ దారం తాబేలు మెడకు, కొంగ కాళ్లకు చుట్టుకుని మెల్లగా చంపుతుంది.

ఇద్దరిలో ఒకరికి గాలం మీద ఆసక్తి లేదు. విసుగు రాదా?

గాలం వేసే మనిషి పక్కన మరొకరు గంటల తరబడి సామాను కాపలా కాయడమే విడిది అనుకుంటే తప్పకుండా విసుగు వస్తుంది. ఉదయం పోటు వేళ ఒకరిదైతే, సాయంత్రం వేళ మరొకరిదని ముందే మాట అనుకోండి. జనవరిలో ఈ తీరంలో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో నేరుగా నీళ్లలోంచి పైకి వస్తాడు. ఆ వేళకు ఇద్దరూ నడవవచ్చు, అలివివల లాగడం చూడవచ్చు. చలికాలంలో సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సుకు రాజహంసలు, నేలపట్టుకు గూడకొంగలు వస్తాయి. సెలవు మరో రోజు ఉంటే చేపలకన్నా పక్షులే ఎక్కువ నచ్చేవారూ ఉన్నారు.

పడవలో లోపలికి తీసుకెళ్తామని ఎవరైనా అంటే వెళ్లవచ్చా?

లైఫ్ జాకెట్ ఇద్దరికీ ఇచ్చి, వేసుకున్న తర్వాతే పడవ తీసేవారైతే ఆలోచించండి. ఇవ్వకపోతే ఎంత ఆప్యాయంగా పిలిచినా వద్దనండి. వేట పడవ ప్రయాణికుల కోసం చేసినది కాదు. ఒడ్డు దగ్గర విరిగే అలలను దాటేటప్పుడు అలవాటు లేని మనిషి పక్కకు ఒరిగితే పడవ తిరగబడుతుంది.

ఆపదలో ఎవరికి ఫోను చేయాలి?

వైద్య సహాయానికి 108, పోలీసులతో సహా అన్ని అత్యవసరాలకు 112, తీరప్రాంత భద్రతకు సంబంధించి మెరైన్ పోలీసుల 1093, సముద్రంలో ప్రాణాపాయం ఏర్పడితే కోస్టుగార్డు 1554. వీటిని ఇద్దరి ఫోన్లలోనూ రాసి పెట్టుకోండి. ఎక్కడ గుడారం వేశారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో అత్తమామలకో తోబుట్టువులకో చెప్పి బయలుదేరండి.

పట్టిన, కొన్న చేపలను కడప దాకా తేవచ్చా?

తేవచ్చు, మంచు సరిగా ఉంటే. చేప బరువెంతో మంచు బరువు కూడా అంత ఉండాలి, అడుగున మంచు, మధ్యలో చేప, పైన మంచు పరవాలి. పొట్ట తీసి కడిగి పెడితే ఇంకా మేలు. కానాగంత, వంజరం, ట్యూనా వంటి చేపలు వేడికి ఎక్కువసేపు గురైతే వాటిలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పేరుకుని, తిన్నవారికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. ఎంత ఉడికించినా, ఎంత కారం వేసినా అది పోదు. ఆత్మకూరు దగ్గర భోజనానికి ఆగినప్పుడు పెట్టెలో కరిగిన నీళ్లు వంపి మళ్లీ మంచు నింపుకోండి, డిక్కీని ఎండలో వదలవద్దు. అరచేతిలో పట్టేంత చిన్న చేపలను తీరంలోనే నీటిలోకి వదిలి రావాలి.

ఇల్లు చేరాక సామానును ఏం చేయాలి?

ఆ రాత్రే కడగాలి, తెల్లారిదాకా ఆగవద్దు. రీలు, కొక్కేలు, గుడారపు జిప్పులు, పటకారు ఉప్పుకు త్వరగా తుప్పు పడతాయి. రీలును బకెట్లో ముంచకుండా మంచినీటి సన్నధారతో కడిగి, తుడిచి, ఆరిన తర్వాత ఒక చుక్క నూనె వేయండి. గుడారాన్ని మిద్దె మీద నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఇసుక దులిపి, వదులుగా మడవండి. కారు అడుగుభాగాన్ని కూడా మంచినీటితో కడిగించడం మంచిది.